కార్తీక మాసంలో తగ్గిన కడుపుబ్బరం

గత ఏడాది శ్రావణ మాసంలో నా మధుమేహం కోసం చేయించుకున్న రక్తపరీక్షలో, గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.2 అని వచ్చింది. మందు మోతాదు పెంచే ముందు మూడు నెలలపాటు పిండిపదార్థాలు బాగా తగ్గించి చూద్దామని మా వైద్యుడు చెప్పారు. ఆ మర్నాటి నుంచే మధ్యాహ్నం అన్నానికి బదులు తురిమి వేయించిన కాలీఫ్లవర్, రాత్రి చపాతీకి బదులు పెద్ద గిన్నెడు క్యాబేజీ కూర తినడం మొదలుపెట్టాను. రెండు వారాలు తిరక్కుండానే చక్కెర దిగింది గానీ కడుపు ఉబ్బడం మొదలైంది. మధ్యాహ్నం భోజనం తరువాత రెండు పీరియడ్లు పాఠం చెప్పాలి. నల్లబల్ల ముందు నిలబడితే చీర కుచ్చిళ్ల దగ్గర బిగుసుకుపోయి, లోపల గాలి సుడులు తిరుగుతూ ఉండేది. ఈ బాధను తోటివారితో చెప్పుకోవడానికి మనలో చాలామందికి సిగ్గు. ఆ సిగ్గు వల్లనే ఎందరో మంచి ఆహార పద్ధతిని సగంలో వదిలేస్తున్నారని నా నమ్మకం. అందుకే నాకు తెలిసివచ్చినదంతా దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

అన్నం తిన్నన్నాళ్లూ లేని బాధ కూరలు తింటే ఎందుకు వచ్చిందన్నది నన్ను మొదట వేధించిన ప్రశ్న. వరి అన్నంలోని పిండిపదార్థం దాదాపు అంతా చిన్నపేగులోనే అరిగిపోయి రక్తంలో కలుస్తుంది. మధుమేహం ఉన్నవారికి అది చేటు చేసేది ఈ గుణం వల్లనే, గ్యాస్ విషయంలో మేలు చేసేదీ ఈ గుణం వల్లనే. క్యాబేజీ, చిక్కుళ్ల వంటి వాటిలో ఉండే రాఫినోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అది అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ కూడా తయారుచేస్తాయి. ఈ మూడింటికీ వాసన లేదు. దుర్వాసన వచ్చేది క్యాబేజీ జాతి కూరల్లోనూ గుడ్డులోనూ ఉండే గంధకపు పదార్థాల వల్ల. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకు పది నుంచి ఇరవైసార్లు అపానవాయువు పోవడం సహజమని తెలిసిన తరువాత, గాలి అసలే ఉండకూడదన్న ఆరాటం మాని, నొప్పీ బిగువూ లేకుండా ఉంటే చాలని నిశ్చయించుకున్నాను.

నేను ముందుగా అనుమానించింది క్యాబేజీనే. మా అత్తయ్యగారు కూడా "అది వాతపు కూరమ్మా, అంతేసి తినకు" అని మొదటి రోజునుంచీ చెబుతూనే ఉన్నారు. ఆమె మాట నిజమే గానీ అసలు దోషి వేరే ఉందని కార్తీక మాసంలో బయటపడింది.

కార్తీకం నెల్లాళ్లూ మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి వాడరు. ఆ నెలలోనూ నేను క్యాబేజీ, కాలీఫ్లవర్ తింటూనే ఉన్నాను, అయినా నాలుగైదు రోజులకే ఉబ్బరం సగానికి సగం తగ్గింది. సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండడం వల్ల తగ్గిందేమో అనుకున్నాను గానీ, తక్కిన రోజుల్లోనూ కడుపు తేలికగానే ఉంది. మార్గశిరం వచ్చి ఇంట్లో మళ్లీ ఉల్లిపాయలు తరగడం మొదలైన మొదటి ఆదివారం, కోడికూర తిన్న నాలుగు గంటలకు పాత బాధ తిరిగి వచ్చింది. అప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుని, మూడు రోజులు ఉల్లి లేకుండా, మూడు రోజులు ఉల్లితో, తక్కినవేవీ మార్చకుండా తిని, ప్రతి పూటా ఏమి తిన్నానో, ఎన్ని గంటలకు కడుపు బిగిసిందో రాసుకున్నాను. రెండుసార్లు అలా చేసి చూస్తే రెండుసార్లూ ఒకటే ఫలితం వచ్చింది.

ఉల్లి, వెల్లుల్లి రెండింటిలోనూ ఫ్రక్టాన్లు అనే పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ఇవి ఫ్రక్టోజ్ అణువుల గొలుసులు. వీటిని విడగొట్టే ఎంజైము కూడా మనకు లేదు. ఇలా చిన్నపేగులో సరిగా ఇంకక పెద్దపేగులో త్వరగా పులిసే పిండిపదార్థాలన్నిటికీ కలిపి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఉన్న మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. తక్కువ పిండిపదార్థాల ఆహారం అంటే గ్యాస్ తక్కువగా ఉండే ఆహారం అని నేను పొరబడ్డాను. చక్కెరను పెంచకపోవడం వేరు, పెద్దపేగులో పులియకపోవడం వేరు. అన్నం మానేసి కూర మూడింతలు తింటున్నప్పుడు, ఆ కూరలో వేసిన ఉల్లి కూడా మూడింతలు లోపలికి పోతోందన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. వంట చేసేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. పులుసులో ఉల్లిపాయ ముక్కలు ఉడికించి, తినేటప్పుడు ముక్కలు పక్కకు తీసేస్తే లాభం లేదు, ఫ్రక్టాన్లు అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటాయి. నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేగనిచ్చి, రెబ్బలను పూర్తిగా తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టుకుంటే వెల్లుల్లి వాసన దక్కుతుంది, కడుపుకు బాధ ఉండదు. ఆ నూనెను మాత్రం ఏ పూటకు ఆ పూట చేసుకోవాలి, ఇంట్లో చేసిన వెల్లుల్లి నూనెను బయట నిలవ ఉంచడం ప్రమాదకరం. ఉల్లి రుచి కావలసిన చోట ఉల్లికాడల పచ్చని భాగం వాడుతున్నాను, తెల్లని గడ్డ భాగం వేయను. ఇక ఇంగువ ఉండనే ఉంది. ఉల్లి లేని వంటలో ఇంగువ పోపుకు మన పెద్దలు ఇచ్చిన స్థానం నాకు ఈ వయసులో అర్థమైంది. బజారులో దొరికే ఇంగువ పొడిలో మైదా గానీ బియ్యప్పిండి గానీ కలిపే ఉంటుంది, అయితే మనం వేసే చిటికెడులో పిండిపదార్థం లెక్కలోకి రానంత తక్కువ.

క్యాబేజీని పూర్తిగా మానలేదు, మానవలసిన అవసరమూ లేదు. ముప్పావు కప్పు, అంటే సుమారు 75 గ్రాములు, ఒక పూటకు చాలామంది కడుపు తట్టుకుంటుంది. నేను అందుకు నాలుగైదింతలు తినేదాన్ని. ఇప్పుడు సన్నగా తరిగి, మరిగే ఉప్పునీటిలో ఐదు నిమిషాలు ఉంచి, నీరు వార్చేసి, అల్లం, పచ్చిమిర్చి, ఇంగువతో పోపు వేస్తున్నాను. వార్చిన నీటితో కొన్ని విటమిన్లు పోతాయని తెలుసు, ఆ నష్టానికి ఒప్పుకున్నాను. కాలీఫ్లవర్‌లోనూ పుట్టగొడుగుల్లోనూ మానిటాల్ అనే మరో పదార్థం ఉంటుంది. అందువల్ల కాలీఫ్లవర్ అన్నాన్ని రోజూ తినే అలవాటు మాని, పది రోజులకొకసారి కొద్దిగా తింటున్నాను. పుట్టగొడుగులు నాకు అసలు పడలేదు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. తక్కువ పిండిపదార్థాల ఆహారం గురించి మనకు అందే పట్టికలు చాలావరకు చలిదేశాల కూరలతో నిండి ఉంటాయి. బ్రకోలీ, కాలీఫ్లవర్, క్యాబేజీ లేకపోతే ఈ ఆహారమే సాధ్యం కాదన్నట్లు మనమూ వాటి వెంటపడతాం. కాకినాడ రైతుబజారులో అడుగుపెట్టగానే కుప్పలుగా కనిపించే సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, బూడిద గుమ్మడి దాదాపు అంతా నీరే. వాటిలో వంద గ్రాములకు పిండిపదార్థం మూడు నాలుగు గ్రాముల పరిసరాల్లోనే ఉంటుంది, అదే వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాములు. నా కడుపులో ఇవి గాలి పుట్టించలేదు. నువ్వుపప్పు పొడి చల్లిన బీరకాయ, కొబ్బరి వేసిన పొట్లకాయ వేపుడు, ఆవ పెట్టిన బూడిద గుమ్మడి, రెండు గుడ్లు కొట్టి వేసిన సొరకాయ కూర, వీటిలో ఏదో ఒకటి గిన్నెడు తిని మధ్యాహ్నం హాయిగా పాఠం చెప్పగలుగుతున్నాను. వంకాయ, బెండకాయ, తోటకూర, పాలకూర కూడా మితంగా తింటే ఇబ్బంది పెట్టలేదు. గోరుచిక్కుడు మాత్రం పెట్టింది. సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకపై పెట్టి చూడండి, చేదుగా ఉంటే ఆ కాయను నిర్దాక్షిణ్యంగా పారేయండి. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

కూరలను సరిదిద్దుకున్న తరువాత కూడా కొన్ని సాయంత్రాలు కడుపు బిగిసేది. నోటుపుస్తకం తిరగేస్తే ఆ రోజుల్లో గుప్పెళ్లకొద్దీ తిన్న జీడిపప్పు, ఒక పెళ్లింటి నుంచి తెచ్చిన చక్కెర లేని మిఠాయి కనిపించాయి. జీడిపప్పులో పప్పుధాన్యాల్లో ఉండేలాంటి అరగని చక్కెరలు ఉన్నాయి. చక్కెర లేని మిఠాయిల్లో, చాక్లెట్లలో తీపికోసం వేసే మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి గ్యాస్‌తోపాటు విరేచనాలు కూడా పట్టిస్తాయి. కనుక అట్ట వెనుక రాసిన పేర్లు చదవకుండా ఇప్పుడు ఏదీ కొనను.

మందుల సంగతి విడిగా చెప్పాలి. మధుమేహానికి ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ కూడా, ముఖ్యంగా మొదటి వారాల్లో, కడుపుబ్బరం కలిగిస్తుంది. మధుమేహానికే ఇచ్చే మరో మందు వోగ్లిబోస్ పనిచేసే పద్ధతే చిన్నపేగులో పిండిపదార్థాల అరుగుదలను ఆలస్యం చేయడం, కాబట్టి అది వాడేవారికి గ్యాస్ రావడంలో వింత లేదు. మా బడిలో తోటి ఉపాధ్యాయురాలు ఒకరు తన బాధంతా క్యాబేజీ మీదే వేసుకుని ఏడాదిపాటు కూరలకు భయపడ్డారు. చీటీ చూపించి వైద్యుడిని అడిగాకే మందు మార్పుతో ఆమెకు ఊరట దొరికింది. తమంతట తాము మందు మానడం మాత్రం ఎవరూ చేయకూడదు. అలాగే ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, వైద్యుడితో మాట్లాడి మోతాదు సరిచేయించుకున్న తరువాతే మొదలుపెట్టాలి. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా, నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతున్నా నోటుపుస్తకాలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

వాము గురించి అందరూ అడుగుతారు. భోజనం తరువాత అర చెంచాడు వాము, రవ్వంత ఉప్పు నమిలి గోరువెచ్చని నీళ్లు తాగితే నాకు పావుగంటలో బిగువు సడలుతుంది. అది వచ్చిన గాలిని కదిలిస్తుందే తప్ప గాలి పుట్టకుండా ఆపదు, కనుక వామును నమ్ముకుని ఉల్లి తినడం నాకు కుదరలేదు. పది నిమిషాలు నెమ్మదిగా నడవడం కూడా వాముకు తీసిపోకుండా పనిచేసింది.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 6.9కి వచ్చింది. సంక్రాంతి తరువాత ఉల్లిని కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టాను. మొదటి వారం పావు చెంచాడు, తరువాత అర చెంచాడు, ఇలా పెంచుకుంటూ పోతే ఒక పూటకు చెంచాడు తరిగిన ఉల్లి వరకు నా కడుపు ఒప్పుకుంటోంది. అంతకు మించితే ఆ సాయంత్రమే చెబుతుంది. ఇంటిల్లిపాదికీ చేసే కూరలో మా వారికీ పిల్లలకీ ఉల్లి కావాలి కనుక, ఇంగువ పోపుతో ఉడికిన కూర నా వంతు ముందుగా గిన్నెలోకి తీసి, మిగిలిన దానిలో వేయించిన ఉల్లిపాయలు కలుపుతున్నాను.