పెద్దాసుపత్రిలో ఒక పొద్దు

బుధవారం, ఒంగోలు

షుగరు మాత్రలు అయిపోయాయి. ఎండ ముదరకముందే తెచ్చుకుందామని పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్లాను. ఓపీ దగ్గర ఇప్పుడు గోడకు క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. ఫోనుతో స్కాన్ చేస్తే టోకెన్ నంబరు వస్తుంది, కౌంటర్లో చీటీ తొందరగా చేతికొస్తుంది. బటన్ ఫోన్ల వాళ్లది వేరే వరస. అది వరండా దాటి మెట్ల దాకా ఉంటుంది. అందులో చాలామందికి చీటీ మీద ఏ గది నంబరు రాశారో చదువుకోవడం రాదు. చదివి చెప్పేవాళ్లు ఒక్కరుంటే గంటసేపు తిరుగుడు తప్పుతుంది. అందుకని వెళ్లినప్పుడల్లా కళ్లజోడు పెట్టుకుని ఆ వరస పక్కన కాసేపు నిలబడతాను. "ఏమ్మాయ్, ఇదేం గది?" అని ఎవరో ఒకరు చీటీ చాపుతారు. "కంటి డాక్టరు పెద్దాయనా, పైన, ఎడమచేతి వైపు" అని చెప్తాను. అంతే పని.

ఈ రోజు ఆ వరసలో ఒక కుర్రాడు కనపడ్డాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని, దాన్ని ఎడమచేత్తో గుండెకు అదుముకుని నిలబడ్డాడు. తువ్వాలు రక్తంతో తడిసిపోయింది. బట్టల నిండా రాతిపొడి. చీమకుర్తి గ్రానైట్ పని అని చూడగానే తెలుస్తుంది. అక్కడి గెలాక్సీ రాయి దేశదేశాలకు పోతుంది. దాన్ని కోసి పాలిష్ పట్టే పిల్లలు బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వస్తారు. ఇతనిది బీహార్. తోడొచ్చినవాడు డ్యూటీకి ఆలస్యమవుతుందని గేటు దగ్గర దించి వెళ్లిపోయాడట. దెబ్బ తగిలినవాళ్లు ఓపీ వరసలో కాదు, క్యాజువాలిటీకి పోవాలని ఇతనికి ఎవరు చెప్తారు? చెప్పినా ఏ భాషలో?

చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా రాశాను. ఆ హిందీ ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. "ఇధర్ నహీ బేటా, మేరే సాథ్ ఆవో" అన్నాను. అతను వెంటనే కదల్లేదు. ఎవరీమె, ఎక్కడికి తీసుకుపోతుంది, డబ్బులడుగుతుందా అన్న అనుమానం కళ్లల్లో కనపడింది. తెలియని ఊళ్లో నేనైనా అలాగే చూస్తాను. "పైసా నహీ లగేగా, సర్కారీ హై" అని చెప్పాక వెంట వచ్చాడు.

కుట్లు వేసేముందు ఎక్స్‌రే తీయించమన్నారు. డాక్టరమ్మ అడిగేవి అతనికి, అతను చెప్పేవి ఆమెకు చేరవేశాను. వేళ్లు కదులుతున్నాయా, టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) ఎప్పుడు వేయించుకున్నావు, ఏమైనా తిన్నావా? ఎముకకు ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం. తిండి మాత్రం రాత్రి నుంచి లేదట.

క్యాంటీన్‌లో ఏదన్నా తెద్దామని లేవబోతుంటే, పక్కన కూచున్న మామ్మ స్టీలు క్యారేజీ విప్పేసింది. పొదిలి వైపు నుంచి మనవరాలిని చూపించడానికి వచ్చినావిడ. పెరుగన్నం, గోంగూర పచ్చడి. "ఏ ఊరోడివి నాయనా? ఎవరు కన్నబిడ్డవో" అని తెలుగులోనే మాట్లాడుతూ, అతని కుడిచేయి పనికిరాదని చూసి, తనే కలిపి ముద్దలు పెట్టింది. అతను మొదట తలొంచుకున్నాడు. తర్వాత తిన్నాడు. ఆవిడ నుదుట ఇంత బొట్టు, చేతికి గుడి దారం. ప్రతి ఆదివారం నేను వినే ప్రేమ ఆ చేతిలో కనపడింది. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని ఆదుకున్నవాడి కథ బైబిల్లో ఉంది. యేసయ్య ఆ కథకు సమరయుణ్ణి ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు బాగా తట్టింది. దేవాలయ సేవ చేసే యాజకుడూ లేవీయుడూ పక్కగా పోయిన దారిలో ఆగినవాడు, యూదులు తమవాడు అనుకోని మనిషి.

కుట్లు వేశాక వాళ్లమ్మకు ఫోను చేయాలన్నాడు. చేయి కుదరక నన్నే నంబరు నొక్కమన్నాడు. వాళ్ల ఇంటి భాష నాకు అర్థం కాలేదు. కానీ అంతసేపు మాట్లాడినా 'హాథ్' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. అమ్మకు చెప్పలేదన్నమాట. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, కుట్లు తీయించుకోవడానికి ఏ రోజు రావాలో చీటీ వెనక హిందీలో రాసిచ్చి, చీమకుర్తి బస్సు ఎక్కించాను. నా మాత్రలు తీసుకునేసరికి పన్నెండు దాటింది.

వచ్చే దారిలో మా సంఘం, అంటే చర్చి, గేటు దగ్గర చలివేంద్రం కుండలు నింపాను. ఈ ఎండలకు మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతున్నాయి. ఆటోవాళ్లు, పార్సిళ్ల పిల్లలు, చిత్తుకాగితాలు ఏరుకునే ఆడవాళ్లు తాగిపోతారు. ఎవరు తాగారో మనకు తెలియదు, ఎవరు పోశారో వాళ్లకు తెలియదు. నాకు అది చాలా ఇష్టం.

సాయంత్రం స్త్రీల కూడికలో సాక్ష్యాల వేళ ఈ సంగతి చెప్పాను, ఎక్కువగా మామ్మ గురించే. అయ్యాక, నాకు ఎంతో ఇష్టమైన ఒక చెల్లెలు చేయి పట్టుకుని, "అక్కా, అంతసేపు పక్కనే ఉన్నావు గదా, ఒక హిందీ కరపత్రం చేతిలో పెట్టుంటే బాగుండేది" అంది. ఆమె మనసు నాకు తెలుసు. ఆత్మల భారంతో, అంటే అందరూ రక్షణ పొందాలన్న తపనతో అన్న మాటే అది. అయినా నేను ఒప్పుకోలేకపోయాను.

భాష తెలియని చోట, చేతినిండా రక్తంతో, నన్నే నమ్ముకుని కూచున్న పిల్లాడు నేనేం ఇచ్చినా తీసుకుంటాడు. వద్దనే వీలు అతనికి లేదు. వద్దనలేనివాడి చేతిలో పెడితే అది సువార్త ఎలా అవుతుంది? చేసిన సాయానికి వెల అడిగినట్టవుతుంది. చేయి మానాక ఎప్పుడైనా, ఎక్కడైనా కనపడి, "ఎందుకు చేశావమ్మా" అని తనంతట తాను అడిగితే దాచను. సంతోషంగా చెప్తాను.

మా ఒంగోలు వాళ్లకు ఇది కొత్త మాట కాకూడదు. కొత్తపట్నం వెళ్లేటప్పుడు మనం దాటే బకింగ్‌హాం కాలువ ఉందే, 1876–78 నాటి ధాత కరవులో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. అక్కడ సర్వేయరు పని చేసి వచ్చినవాడు కాబట్టి ఆ పని తెలుసు. ఆకలితో వచ్చినవాళ్లకు మట్టిపని, కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో ఎంతమంది అడిగినా బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. ఎవరూ కూటి కోసం దేవుని దగ్గరికి రాకూడదని. కరవు సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మేమందరం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఏడాదికి పైగా ఆయన ఆగి ఉండటం గురించి చెప్పుకునేది తక్కువ. నాకైతే అదే గొప్పగా కనిపిస్తుంది. అన్నం పెట్టే చేయి ఇంకేదీ అడగకుండా ఉండాలని ఆయన ఎంత గట్టిగా నమ్మి ఉండాలి!

ఇంటికొచ్చి సమరయుడి కథ మళ్లీ చదివాను. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడంటే తను నడిచాడన్నమాట. పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చాడు. యేసయ్యే చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో దేనారం ఒక రోజు కూలి, అంటే ఇతను ఇచ్చింది రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. దెబ్బలు తిన్నవాడు కథ మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. పేరు చెప్పడు, కృతజ్ఞతలు చెప్పడు. సమరయుడు అతన్ని ఏమీ అడగడు. "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అని యేసయ్య చూపించింది ఇలాంటి మనిషిని.

కూడిక దగ్గర చెల్లెలు నాతో వాదించలేదు. కాసేపాగి, "మరి మాకు హిందీ రాదు గదక్కా, మేమేం చేయాలి?" అంది. "చదవడం వచ్చు గదమ్మా" అన్నాను. అక్కడే చెప్పుల దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే ఇంకొందరు చేరారు, ఒక ఏర్పాటు తేలింది. సోమవారాలు ఓపీకి జనం ఎక్కువ. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఎనిమిది నుంచి పది దాకా అక్కడ ఉండటం. చీటీలు చదివి చెప్పడం, నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ అడిగి తేవడం, తోడు లేనివాళ్ల పక్కన కూచోవడం. సూపరింటెండెంటుగారి అనుమతి కావాలి, రేపు అర్జీ రాసివ్వాలి. సంఘం పేరుతో బ్యాడ్జీలు వద్దనీ, కరపత్రాల సంచీ ఇంట్లో పెట్టి రావాలనీ ముందే చెప్పేశాను. చెల్లెలు కాస్త ఆలోచించి, "సరే అక్కా. ప్రార్థన మాత్రం ఆటో ఎక్కేముందు చేసుకుందాం" అంది. మొదటి సోమవారం నాతో వచ్చేది ఆమే.