పదహారు గంటల లెక్క: వర్క్‌లోడ్ కమిటీలో నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్న నన్ను, అధ్యాపకుల పనిభారాన్ని కేటాయించే పద్ధతి సవరణకు వేసిన కమిటీకి కన్వీనర్‌గా నియమించినప్పుడు, ఇది నాలుగు సమావేశాల్లో తేలిపోయే పనేనని సహోద్యోగులు చాలామంది అన్నారు. నిబంధన ఉండనే ఉంది కదా అన్నది వారి ధీమా. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పూర్తికాలపు అధ్యాపకులు ఏడాదికి 30 పనివారాల పాటు వారానికి కనీసం 40 గంటలు పనిచేయాలి. అందులో నేరుగా బోధనకు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటలు. చిక్కంతా ఆ గంటల్లో దేన్ని కలపాలి, దేన్ని కలపకూడదన్న దగ్గరే ఉంది.

అన్ని శాఖల నుంచీ వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్లు, అంటే ఎవరు వారానికి ఎన్ని గంటలు చెబుతున్నారో రాసిచ్చే కాగితాలు, తెప్పించాం. దాదాపు ప్రతి కాగితంలోనూ ప్రతి పేరు ఎదుటా నిబంధన చెప్పిన అంకే ఉండటం చూసి, వాటిని టైమ్ టేబుళ్ల పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాం. రసాయనశాస్త్రంలో ఒకే బ్యాచ్‌కు మూడు గంటల ప్రాక్టికల్స్ ఉంటే, ల్యాబ్‌లో ఉన్న ఇద్దరి ఖాతాలోనూ మూడేసి గంటలు పడ్డాయి. వృక్షశాస్త్రం వారు శనివారాల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని తిరిగే ఫీల్డ్ వర్క్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. ల్యాబ్ లేని గణితశాస్త్రం వారికి ఆ పదహారూ థియరీ క్లాసులే.

ఇవన్నీ దొంగ లెక్కలని కొట్టిపారేయడం తేలిక, కానీ అది అన్యాయమవుతుంది. పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాని చోట, ఏ శాఖకు ఎంతమంది అకడమిక్ కన్సల్టెంట్లను (తాత్కాలిక అధ్యాపకులను), గెస్ట్ ఫ్యాకల్టీని ఇవ్వాలో ఈ స్టేట్‌మెంట్ చూసే తేలుస్తారు. "గంటలు తగ్గించి రాస్తే ఉన్న ఇద్దరు కన్సల్టెంట్లూ పోతారు మేడమ్. తరువాత ఆ పేపర్లు ఎవరు చెప్పాలి?" అని ఒక సీనియర్ శాఖాధిపతి నిలదీసినప్పుడు కమిటీలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకే కాగితం అటు పని లెక్కా, ఇటు పోస్టుల విన్నపమూ అయినంత కాలం అందులో నిజమైన అంకెలు రావని నాకు ఆ రోజే అర్థమైంది. అందుకే రెండు ఫారాలు ప్రతిపాదించాం: ఎవరు ఏం చెబుతున్నారో చూపేది ఒకటి, ఏ కోర్సుకు ఎందరు కావాలో విద్యార్థుల సంఖ్యను బట్టి తేల్చేది మరొకటి.

ప్రాక్టికల్స్ దగ్గర చర్చ బాగా వేడెక్కింది. రెండు గంటల ల్యాబ్‌ను ఒక గంట బోధనగా లెక్కించాలని ఒక సభ్యుడు అనగానే సైన్సు వారంతా 2016ను గుర్తుచేశారు. ఆ ఏడాది మే నెలలో యూజీసీ సరిగ్గా అదే సూత్రం తెచ్చి, పైగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 18 గంటల బోధన, 6 గంటల ట్యుటోరియల్స్ అని పెంచితే దేశమంతటా అధ్యాపకులు వ్యతిరేకించారు. కొద్ది నెలల్లోనే ఆ సవరణను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. చివరకు ల్యాబ్ గంటను పూర్తి గంటగానే ఉంచి, రెండో అధ్యాపకుడి గంటలు బ్యాచ్ పెద్దదైనప్పుడే లెక్కకు వస్తాయని రాశాం.

నాకు అన్నింటికంటే నచ్చిన మార్పు పైకి చాలా చిన్నది. మా దగ్గర ఒక సెమిస్టర్‌లో వారానికి ఇరవై గంటలు చెప్పినవారికి తరువాతి సెమిస్టర్‌లో పన్నెండే మిగులుతాయి; వారం లెక్క చూస్తే మొదట గొడ్డు చాకిరీ, తరువాత ఖాళీగా ఉన్నారన్న నింద. దాన్ని ఏడాది లెక్కగా మార్చి, 30 వారాలకు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 480 గంటలు, మిగతావారికి 420 గంటలు అని స్థిరపరిచాం. పరిశోధన పర్యవేక్షణకూ పరిపాలన పనులకూ కొంత సడలింపు అడిగాం. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసి గుర్తింపునిచ్చే నాక్ కోసం తయారుచేసే ఫైళ్ల పని మాత్రం ప్రత్యేకంగా పేరుపెట్టి రాయించాను. కంప్యూటర్ బాగా వచ్చునన్న ఏకైక అర్హతతో ఆ భారమంతా కొత్తగా చేరిన వారి నెత్తినే పడుతోంది మరి.

అకడమిక్ సెనేట్‌లో పెద్దగా అభ్యంతరాలు రాలేదు. పాలక మండలిలో ఆర్థిక శాఖ తరఫు సభ్యుడు ఒకే ప్రశ్న వేశారు: సడలించిన గంటలను ఎవరు భర్తీ చేస్తారు, దానికి డబ్బెక్కడిది? శాఖల మధ్య ఉమ్మడి కోర్సులను కలిపి చెప్పడం ద్వారా కొన్ని గంటలు మిగులుతాయని పట్టిక చూపించాం. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, అలాగని అడ్డుపడనూ లేదు. రెండు ఫారాలకు, ఏడాది లెక్కకు, నాక్ సడలింపుకు ఆమోదం లభించింది. హాస్టల్ వార్డెన్లకు అడిగిన సడలింపును మాత్రం మరింత వివరణ కోరుతూ తిప్పిపంపారు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ పనిభారం మా కమిటీ పరిధిలోకే రాలేదు. వారి గంటలు కూడా మొదటి ఫారంలో కనిపించాలని ఈ మధ్యనే మరో నోట్ పెట్టాను. అది ప్రస్తుతం రిజిస్ట్రార్ బల్ల మీద ఉంది.