హాప్స్ తీగకు రాత్రిపూట బల్బు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో మా పెరట్లో హాప్స్ తీగ ఉందంటే, బీరు తాగేవాళ్లు కూడా "అదేంటి?" అంటారు. బీరుకు ఆ చేదు, ఆ వాసన వచ్చేది ఈ తీగకు కాసే ఆడ పువ్వు నుంచే. ఇక్కడ జీలుగు కల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసిపోతుంది కదా. అలా పులుపెక్కించే లాక్టిక్ బ్యాక్టీరియాకు హాప్స్ చేదు పడదు. బీరు నెలల తరబడి నిలవ ఉండటానికి అదొక కారణం.

నాకు ఈ పిచ్చి అంటించింది మా బావమరిది. బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో, అంటే చిన్న ఎత్తున బీరు కాచే చోట పనిచేస్తాడు. "మీ ఊరు చల్లగానే ఉంటుంది కదా బావా, ఒకసారి వేసి చూడు. మేం వాడేవన్నీ విదేశాల నుంచి వచ్చే పెల్లెట్లే, ఎండిన పువ్వును గుళికలుగా నొక్కినవి" అన్నాడు. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం చట్టం ఒప్పుకోదు. మొక్క పెంచుకోవడానికి అడ్డేమీ లేదు. కాబట్టి నా పని పువ్వు కోసి ఆరబెట్టేవరకే.

మొక్క సంపాదించడమే సగం పని. ఆన్‌లైన్‌లో విత్తనాలు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. హాప్స్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. విత్తనం వేస్తే ఏది వచ్చిందో పూత పట్టేదాకా తెలీదు. మగది బీరుకు పనికిరాదు సరికదా, దగ్గర్లో ఉంటే ఆడ పువ్వుల్లో గింజ పడుతుంది. అందుకే ఆడ మొక్క వేరుముక్క గానీ, కొమ్మ కటింగ్ గానీ తెచ్చుకోవాలి. విదేశాల నుంచి తెప్పిద్దామంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది. ఇక్కడ దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, మొక్కకు తెగుళ్లు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ జతచేయాలి. పెరటి తీగకు అంత తతంగమా? సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెస్తానన్న చుట్టాలూ ఉన్నారు. వేరుతో పాటు తెగులూ దిగుతుంది, వద్దన్నాను.

మన దేశంలో హాప్స్ పండించే చోటు హిమాచల్‌లోని లాహౌల్ లోయ. మనాలీలో ట్రెక్కింగ్ గైడ్‌గా పనిచేసే పాత స్నేహితుడి ద్వారా అక్కడి రైతు ఒకాయన దొరికారు. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక ఆ దారి తేలికైంది గానీ, అంతకుముందు రోహతాంగ్ కనుమలో మంచు పడితే నెలల తరబడి రాకపోకలే ఉండేవి కావు. ఆయన ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "మీ దగ్గర మంచు కురుస్తుందా?" కురవదన్నాను. "అయితే రాదు" అన్నారు. అన్నా, మనిషి మంచివారు. కోతలయ్యాక అక్టోబరు చివర్లో వేళ్లు తవ్వి, తడి రంపపు పొట్టులో చుట్టి పంపారు. వైజాగ్ దాకా కొరియర్‌లో, అక్కడినుంచి సాలూరు మీదుగా బస్సులో వచ్చాయి. విప్పి చూస్తే చిటికెనవేలు లావు గోధుమరంగు వేళ్లు, మధ్యమధ్య తెల్లటి కళ్లు. ఒకదాని చర్మం గోరుతో గిల్లితే లోపల తెల్లగా, తడిగా ఉంది. హమ్మయ్య, బతికే ఉన్నాయి.

మంచు మాట మనసులో పెట్టుకుని కొన్నిటిని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను, కొన్నిటిని నేరుగా నాటేశాను. మా దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి ఒక్క అంకెకు దిగుతుంది గానీ లాహౌల్‌తో పోలిస్తే అదో చలా! ఫ్రిజ్‌లోవి ఫిబ్రవరిలో నాటాను. రెండు రకాలూ మొలిచాయి. చలి లేకపోతే రాదన్న మాట తప్పని అక్కడితో తేలిపోయింది. ఆ తర్వాత చదివితే తెలిసింది, 2019లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధన కూడా హాప్స్ పూతకు శీతకాలపు నిద్ర తప్పనిసరి కాదనే తేల్చిందట.

అసలు చిక్కు వేరేచోట ఉంది. నవంబరులో నాటినవి మోకాలెత్తు దాటలేదు, అక్కడే పూత పెట్టేశాయి. ఫిబ్రవరివి నడుమెత్తుకు వచ్చి ఆగిపోయాయి. పువ్వులు శనగ గింజంత, అవీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. హాప్స్ అంటే 15, 20 అడుగులు ఎగబాకాల్సిన తీగ! ఎరువు చాలలేదన్నారు ఒకరు, మా ఎర్రమట్టి పడలేదన్నారు ఇంకొకరు. రెండూ కాదు. ఈ తీగ ఎప్పుడు పూత పెట్టాలో పగటి నిడివిని బట్టి తేల్చుకుంటుంది. పగలు పొడుగ్గా ఉన్నంతకాలం పైకి పాకుతుంది, తగ్గిందంటే ఎదుగుదల మానేసి పూతకు దిగుతుంది. జర్మనీలో హాప్స్‌కి పేరుపడ్డ హాలర్‌టావ్‌లో జూన్‌లో పగలు 16 గంటలు. లాహౌల్‌లో 14 పైన. మా దగ్గర ఏడాది మొత్తంలో ఎంత పొడుగు రోజైనా 13 గంటల పైన ఓ పావుగంట. అంటే కోరాపుట్‌లో హాప్స్ ఏ నెలలో మొలిచినా, దానికి అందే కబురు ఒకటే: కాలం అయిపోయింది, త్వరగా పూత పెట్టెయ్.

దక్షిణాఫ్రికాలోనూ ఇదే బాధ పడ్డారు. అక్కడ మొదట తోటల్లో దీపాలు వెలిగించి పగటిని పొడిగించారు, తర్వాత తక్కువ పగటికి సరిపడే రకాలు తయారు చేసుకున్నారు. ఆ రకాలు నాకెక్కడ దొరుకుతాయి? దీపమైతే దొరుకుతుంది. గోడ పక్కన వెదురు గడలు పాతి, పైనుంచి కొబ్బరి తాళ్లు వేలాడదీసి, పసుపు వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు కట్టాను. టైమర్ పెట్టి సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా వెలిగిస్తే పొద్దున్నుంచి లెక్క 17 గంటలకు వచ్చింది. ఈ వెలుగు మొక్కకు తిండి కాదు, కబురు మాత్రమే. ఆకు మీద పేపరు చదువుకునేంత వెలుతురు పడితే చాలు, ఫ్లడ్‌లైట్లు అక్కర్లేదు. వానాకాలంలో మా కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి వాటిని ఇన్వర్టర్‌కి కలిపాను.

పక్కింటి పెద్దమ్మ ఊరుకుంటుందా. "ఏటి బాబూ, తీగకి దీపమెట్టినావు, మొక్కుకున్నావేటి?"

బల్బులు పెట్టిన ఏడాది తీగ వేగం చూసి నాకే నమ్మకం కలగలేదు. పొద్దున తాడుకు చుట్టిన కొస సాయంత్రానికి ఎక్కడికో వెళ్లిపోయేది. చుట్టేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: హాప్స్ ప్రదక్షిణ దిశలోనే తిరుగుతుంది. చిక్కుడు తీగ తిరిగే దిశకు ఇది ఎదురు. తిరగేసి చుడితే విప్పుకుని కింద పడుతుంది. తీగ నిండా సన్నటి కొక్కేల్లాంటి నూగు ఉంటుంది, నిండు చేతుల చొక్కా లేకపోతే చేతులు గీరుకుపోతాయి.

ఇక వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా కొండల్లో ఆకులు ఆరే తీరికే ఉండదు. హాప్స్‌ని పట్టే బూజు తెగులుకు అదే కావాలి: ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున బూడిదరంగు నూగు. నేల నుంచి మూడడుగుల దాకా ఆకులన్నీ తీసేసి గాలి ఆడేలా చేశాను, 1 శాతం బోర్డో మిశ్రమం కొట్టాను. వేసవిలో ఎర్రనల్లి పడితే వేపనూనె. కానీ పువ్వు మీద మందు కొట్టడం నాకిష్టం లేదు. ఇక్కడే బల్బు ఇంకో రకంగా అక్కరకొచ్చింది. దీపం వెలుగుతున్నంతకాలం తీగ పూత పెట్టదు కదా! జర్మనీ రైతు కోతకు ఆగస్టు చివరిదాకా ఎదురుచూడాల్సిందే. నా కోత ఎప్పుడో నా స్విచ్ చెబుతుంది. జూన్‌లో పాత తీగలు మొదలుకంటా కోసేసి కొత్త చిగుళ్లను దీపం కింద పెంచాను. సెప్టెంబరు చివర్లో, వాన వెనకపట్టాక బల్బులు ఆపేశాను. అప్పటికి పగలు 12 గంటలే, తీగ వెంటనే పూతకు దిగింది. పువ్వు ముదిరే నవంబరులో ఆకాశం నిర్మలంగా ఉంది.

పువ్వు ముదిరిందని ఎలా తెలుస్తుందంటే, వేళ్లతో నొక్కితే కాగితంలా గలగలమంటుంది. రేకులు చీలిస్తే వాటి అడుగున పసుపు రంగు పొడి, జిగటగా వేళ్లకు అంటుకుంటుంది. చేదూ వాసనా మొత్తం ఆ పొడిలోనే. ఆ వాసన గోడ దాటిందో రోజు. కింది వీధిలో రిటైరైన కానిస్టేబుల్ మావయ్యగారు గేటు దగ్గర ఆగి, "ఏటబ్బాయ్, ఏటి పెంచుతున్నావు?" అన్నారు నవ్వకుండా. గంజాయి కేసులతో మా జిల్లా పేరు పేపర్లో ఎప్పుడూ నానుతుంటుంది, ఆయన్ని తప్పుపట్టలేం. పైగా రెండూ నిజంగానే ఒకే కుటుంబం మొక్కలు. హాప్స్‌లో ఆ మత్తు లేదని చెప్పి, ద్రాక్షాకులాంటి ఆకు చూపించి, పువ్వు చేతిలో పెట్టాక నమ్మారు. మా ఆవిడకు మాత్రం ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

కోసినవి ఎండలో పెట్టకూడదు. మేడ మీద గదిలో దోమతెర గుడ్డ బిగించిన చట్రాల మీద పలచగా పరిచి ఫ్యాను వేశాను. పువ్వు మధ్యలో ఉండే ఈనె వంగకుండా పుటుక్కున విరిగితే ఆరినట్టు. పచ్చిపువ్వు నాలుగైదు కిలోలు ఆరితే కిలో అవుతుంది, ఆ లెక్కకు సిద్ధపడండి. ఆరాక గాలి తీసిన కవర్లలో ఫ్రీజర్‌లో పెట్టాలి. బయట వదిలేస్తే పాత చీజ్ వాసన కొడుతుంది. ఇంట్లో కుక్క ఉంటే రాలిన పువ్వులు ఊడ్చి పారేయండి, హాప్స్ తింటే కుక్కలకు ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆరిన పువ్వులు బెంగళూరు వెళ్లాయి. చేదు శాతం ల్యాబులో కొలిస్తే గానీ తెలీదు కాబట్టి బావమరిది వాటిని చేదు కోసం గంటసేపు మరిగించే దశలో వెయ్యలేదు. చివర్లో, వాసన కోసం వేశాడు. "నిమ్మతొక్క వాసన బానే ఉంది బావా, ఇంకో పది కిలోలు పంపు" అన్నాడు. పది కిలోలంట! నేను ఇంట్లో ఉంచుకున్న గుప్పెడు వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, చల్లార్చి సోడా కలుపుకుంటున్నాను. మత్తు లేదు, చేదు మాత్రం దండిగా ఉంది.

ఇప్పుడు మొక్కల కోసం లాహౌల్ దాకా వెళ్లక్కర్లేదు. రెండు కణుపులున్న లేత కొమ్మ తుంచి ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కుండీలో నీడన పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తున్నాయి. రాయగడ నుంచి ఒకాయన వచ్చి కటింగులు పట్టుకెళ్లారు. అక్కడ మాకంటే వేడి ఎక్కువ, మధ్యాహ్నం ఎండ నుంచి నీడ కట్టమన్నాను. బల్బు మాత్రం మొదటి రోజు నుంచే పెట్టమని రెండుసార్లు చెప్పి పంపాను.