పదిహేనో ప్లేసు, వెళ్లిపోయిన కెప్టెన్

21 డిసెంబర్ 2024, శనివారం, టూంగాబీ

నిన్నే మా సిడ్నీ పడమటి వైపు, పారమట్టాలో కొత్త లైట్ రైల్, అంటే ట్రామ్, మొదలైంది. స్కూళ్లకి సెలవులు, పైగా శనివారం, ఇంక మా వాడిని ఆపేదెవరు, పొద్దున్నే లేచి షూస్ వేసుకుని "తాతయ్యా, ట్రామ్ ఎక్కుదాం రా" అని మావయ్యగారి మంచం దగ్గర నిలబడ్డాడు. మావయ్యగారు తెనాలి నుంచి ఈ మధ్యే వచ్చారు. ఆయనకి ప్రస్తుతం మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తప్ప ఇంకో లోకం లేదు, మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్ట్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు, మా ఆయనా అంతే, పొద్దున కాఫీ నుంచి రాత్రి పెరుగన్నం దాకా ఇంట్లో క్రికెట్టే. నాకూ మా వాడికీ మాత్రం ఈల్స్, అంటే మా పారమట్టా రగ్బీ లీగ్ టీమ్, బాధ ఇంకా తీరలేదు. సెప్టెంబర్లో అయిపోయిన సీజన్ గురించి డిసెంబర్లో ఏంటి అని ఎవరైనా అడగొచ్చు, కానీ అది సెప్టెంబర్లో అయిపోలేదు, ఆ తర్వాతే అసలు దెబ్బ తగిలింది.

వెస్ట్‌మీడ్‌లో ట్రామ్ ఎక్కాం. జనం బాగానే ఉన్నారు, మన తెలుగు వాళ్లూ కనపడ్డారు, అందరూ పిల్లల్ని వేసుకుని ఊరికే అటూ ఇటూ తిరగడానికి వచ్చినవాళ్లే. ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ స్క్వేర్‌లో దిగి ఓకానెల్ స్ట్రీట్ వైపు నడిస్తే మా స్టేడియం. ఇక్కడ డిసెంబర్ ఎండాకాలం కాబట్టి ఇప్పుడు అక్కడ సాకర్ వాళ్లదే హవా, రగ్బీ లీగ్ మళ్లీ మార్చిలోనే. గేటు కడ్డీల్లోంచి లోపలికి చూస్తుంటే మావయ్యగారు అడిగారు, "ఇక్కడేనా అమ్మా, మీరు చలికాలమంతా వచ్చి అరిచేది?" అవునన్నాను. "మరి ఈ ఏడు ఎన్ని గెలిచారు?"

24 ఆడి 7 గెలిచాం అని చెప్పాను. ఆయన ఇంకేం అనలేదు, మా వాడి తల మీద చెయ్యి వేసి ముందుకి నడిచారు.

ఆట ఎలా ఆడతారో చెప్పమంటే కబడ్డీతో మొదలెట్టాను, ఎందుకంటే బంతి పట్టుకున్నవాడు ఒక్కడే వాళ్ల గుంపులోకి దూసుకెళ్లడం, వాళ్లు ముగ్గురు నలుగురు కలిసి వాడిని కింద పడేయడం, దానికి కబడ్డీ కంటే దగ్గరిది నాకు తట్టలేదు. జట్టుకి 13 మంది, బంతి ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి, లేదా తన్నాలి. ఆరు సార్లు పట్టుబడేలోపు ఏదో ఒకటి చెయ్యాలి, లేకపోతే బంతి అవతలి వాళ్లకి పోతుంది, అందుకే ఐదోసారి పట్టుబడ్డాక సాధారణంగా బంతిని తన్నేస్తారు. ఆ తన్నేవాడు, ఎప్పుడు ఎటు తన్నాలో ఆ క్షణంలో తేల్చుకునేవాడు, అతనే హాఫ్‌బ్యాక్, టీమ్ మొత్తానికి బుర్ర అతనిదే.

మా బుర్ర మిచెల్ మోజెస్. 2024లో మా కథంతా అతని పాదంతోనే మొదలైందని నా నమ్మకం. మొదటి మూడు మ్యాచుల్లో రెండు గెలిచాం, బుల్‌డాగ్స్‌ని 26-8తో కొట్టినప్పుడు ఈ ఏడు ఫైనల్స్, అంటే సీజన్ చివర నాకౌట్ మ్యాచులు, ఖాయం అనిపించింది, అంతలో మోజెస్‌కి కాలి పాదంలో ఎముక విరిగి రెండు నెలలు ఆటకి దూరమయ్యాడు. ఇంక ఐదో ట్యాకిల్, అంటే ఐదోసారి పట్టుబడటం, వస్తే చాలు మా వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడమే. ఈస్టర్ సోమవారం వెస్ట్స్ టైగర్స్ మీద ఒక్క పాయింట్‌తో, 17-16, ఓడిపోయాం, తర్వాత కాన్‌బెర్రా వాళ్లు 41-8 కొట్టారు. గాయాలు ఏ టీమ్‌కైనా ఉంటాయి, కానీ ఒక్క మనిషి కూర్చుంటే దాడి మొత్తం కూర్చుండిపోయేలా టీమ్‌ని కట్టడం మటుకు గాయం ఖాతాలో వెయ్యలేం. అతని వెనక ఇంకో హాఫ్‌బ్యాక్‌ని తయారు చేసుకోకుండా అన్ని సీజన్లు ఎలా గడిపారో నాకు అర్థం కాదు. పైగా డిఫెన్స్! అంచుల్లో, అంటే రెండు చివర్లా, ఎవరు ఎవరిని పట్టుకోవాలో తేలేలోపు అవతలివాళ్లు గీత దాటి బంతిని నేలకి ఆనించేసేవాళ్లు, అంటే ట్రై అయిపోయేది. మోజెస్ ఉన్నా అది ఆగేది కాదు, ఆ మాట కూడా నిజమే.

మే నెలలో బ్రిస్బేన్‌లో మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో 48-16తో ఓడాక ఒకటి రెండు రోజుల్లోనే కోచ్ బ్రాడ్ ఆర్థర్‌ని తీసేశారు. 2014 నుంచి ఉన్న మనిషి. 2018లో అట్టడుగున ఉన్నప్పుడు ఆయనే, 2019లో ఇదే స్టేడియంలో ఫైనల్స్‌లో బ్రాంకోస్‌ని 58-0 కొట్టినప్పుడూ ఆయనే, 2022లో గ్రాండ్ ఫైనల్‌కి తీసుకెళ్లిందీ ఆయనే. ఆయన టైమ్ అయిపోయిందేమో, కాదనను, పదేళ్లు ఒకే గొంతు వింటే ఆటగాళ్లకి కూడా వినపడటం ఆగిపోతుంది. కానీ సీజన్ మధ్యలో పంపించి సాధించిందేంటి? అసిస్టెంట్‌గా ఉన్న ట్రెంట్ బారెట్‌ని తాత్కాలికంగా పెట్టారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు, టీమ్ అదే, లోపాలు అవే. 17 టీముల లీగ్‌లో 15వ ప్లేస్‌లో ఆగాం. ఆర్థర్‌ని జూలైలో ఇంగ్లండ్‌లో లీడ్స్ వాళ్లు తీసుకున్నారు. అక్కడ బాగా చెయ్యాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇంకో విచిత్రం, అదే జూలైలో మోజెస్ మా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌కి ఆడి, క్వీన్స్‌ల్యాండ్‌తో జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్ గెలిపించాడు, ఆఖరి మ్యాచ్ బ్రిస్బేన్‌లో, 14-4, చివర్లో ట్రై వేసింది కూడా అతనే. మా హాల్లో మా వాడి గోలకి పక్కింటి కుక్క మొరిగింది. తర్వాత బైసెప్ గాయం బయటపడింది, ఆపరేషన్, మాకు మళ్లీ ఆడలేదు. స్టేట్‌కి మొత్తం ఇచ్చి వచ్చాడు, అతన్ని ఒక్క మాట అనడానికి నోరు రాదు.

హారిస్ పార్క్‌లో దిగి విగ్రమ్ స్ట్రీట్‌లో దోసెలు తిన్నాం. అక్కడ తెలిసినావిడ కనపడింది, మా వాడి ఒంటి మీద నీలం పసుపు జెర్సీ చూసి "ఇంకా ఆ టీమ్‌నే పట్టుకుని ఉన్నారా అక్కా, పెన్రిత్‌కి మారిపోవచ్చుగా" అంది. మంచిదే ఆవిడ, మామూలుగానే అంది. పెన్రిత్ వాళ్లు అక్టోబర్లో స్టార్మ్‌ని 14-6తో కొట్టి వరసగా నాలుగోసారి కప్పు తీసుకెళ్లారు, మా ఇంటి ముందు నుంచి వెళ్లే రైలే పెన్రిత్ దాకా పోతుంది, అదే లైన్ మీద అటు చివర పండగ, ఇటు మాకు ఇది. 2022 గ్రాండ్ ఫైనల్లో మమ్మల్ని 28-12తో ఓడించింది కూడా వాళ్లే. అది దసరా వారం, ఇంట్లో చుట్టాలు, నేను వంటింటికీ టీవీకీ మధ్య తిరుగుతూనే ఉన్నా, హాఫ్ టైమ్‌కే 18-0, అప్పటికే తెలిసిపోయింది.

మారిపోవడం అనే మాట నాకు అసలు ఎక్కదు. మేం వెస్ట్‌మీడ్‌లో చిన్న యూనిట్‌లో ఉన్నప్పుడు పై ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది, పుట్టింది పెరిగింది పారమట్టాలోనే, మా వాడు పసివాడుగా ఉన్నప్పుడు నాకు నిద్రలేని రాత్రుల్లో వచ్చి ఎత్తుకునేది. ఆవిడ చెప్పగా విన్నవే నాకు తెలిసిన ఈల్స్ కథలన్నీ. 1981లో మొదటిసారి కప్పు గెలిచిన రాత్రి జనం ఆనందం పట్టలేక పాత కంబర్‌లాండ్ ఓవల్ స్టాండ్‌ని తగలబెట్టేశారట, ఆ మంటలు ఆవిడ కళ్లారా చూసిందట. 81, 82, 83 వరసగా మూడు, తర్వాత 1986లో 4-2తో కాంటర్‌బరీ మీద, ఒక్క ట్రై కూడా లేని ఫైనల్, మా పాత హీరోలు రే ప్రైస్‌కీ మిక్ క్రోనిన్‌కీ అదే ఆఖరి మ్యాచ్. ఆ తర్వాత లేదు. 2001లో న్యూకాసిల్ చేతిలో, 2009లో స్టార్మ్ చేతిలో ఓడాం, ఆ స్టార్మ్ వాళ్లు జీతాల పరిమితి దాటి డబ్బులిచ్చారని తేలి మరుసటి ఏడాది వాళ్ల దగ్గర్నుంచి టైటిల్ లాక్కున్నారు, లాక్కున్నది ఎవరికీ ఇవ్వలేదు. మాకూ 2016లో అదే జీతాల తప్పుకి పట్టికలో 12 పాయింట్లు కోసేశారు, కాబట్టి ఇందులో మేం పెద్దగా మాట్లాడకూడదులే. 38 ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు ఈ ఊరినిండా ఉన్నారు, బస్సులో, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో, స్కూల్ గేట్ దగ్గర. వాళ్లతో కలిసి ఓడిపోవడం వల్లే ఇది నా ఊరు అయ్యింది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో నాతో పనిగట్టుకుని మాట కలిపినవాళ్లలో సగం మంది "నిన్న మ్యాచ్ చూశావా" అనే మొదలెట్టారు. గెలిచే టీమ్ దగ్గరికి వెళ్లిపోతే వీళ్లందరికీ నేనేం చెప్పాలి?

ఇంటికి వచ్చి బట్టలు ఆరేస్తుంటే సెప్టెంబర్ 6 గుర్తొచ్చింది. మర్నాడు వినాయక చవితి, వెంట్‌వర్త్‌విల్ కొట్లో పత్రి, మట్టి బొమ్మ తెచ్చుకుని ఉండ్రాళ్ల రవ్వ సిద్ధం చేసుకుంటున్నా, టీవీలో క్యాంప్‌బెల్‌టౌన్ నుంచి మాకూ టైగర్స్‌కీ ఆఖరి మ్యాచ్. ఇద్దరం చెరో ఆరు గెలిచి ఉన్నాం, ఓడినవాళ్లకి వుడెన్ స్పూన్, అంటే ఆఖరి ప్లేసు. 60-26తో గెలిచాం. అరవై! మా వాడు గెంతుతున్నాడు కానీ నాకు ఏడుపొచ్చింది, ఈ అరవై పాయింట్లు కొట్టగలిగే కుర్రాళ్లు మార్చి నుంచి ఎక్కడికి పోయారు అని. టైగర్స్ వాళ్లకి వరసగా మూడోసారి స్పూన్, వాళ్ల స్టాండ్‌లో చిన్న పిల్లల మొహాలు చూపించారు, ఆ తర్వాత సంతోషపడటం నావల్ల కాలేదు.

అసలు దెబ్బ అన్నాను కదా, అది క్లింట్ గూథర్‌సన్. కింగ్ గూథో. 2016 నుంచి మాతో ఉన్న ఫుల్‌బ్యాక్, కెప్టెన్, వెనకాల చివరి మనిషిగా నిలబడి 80 నిమిషాలూ పరిగెత్తుతూనే ఉండేవాడు, ఓడిన ప్రతిసారీ కెమెరా ముందుకి వచ్చి జవాబు చెప్పేది అతనే. కొత్త కోచ్ జేసన్ రైల్స్ వచ్చాడు, టీమ్‌ని మొదట్నుంచీ కట్టాలనుకున్నాడు, అందులో గూథోకి చోటు లేదు. సీజన్ అయ్యాక, కాంట్రాక్ట్ ఇంకా ఉండగానే, వదిలేశారు, సెయింట్ జార్జ్ డ్రాగన్స్‌కి వెళ్లిపోయాడు. ఆ డ్రాగన్స్ నుంచే మాకు జాక్ లోమాక్స్ వస్తున్నాడు. మా పాతవాళ్లలో మైకా సీవో లేడు, క్యాంప్‌బెల్ గిలార్డ్ లేడు, మేం ఎంతో ముచ్చటపడిన బ్లేజ్ తలాగి పెన్రిత్‌కి పోయాడు, పెన్రిత్ నుంచి ఐసాయా ఇయోంగి అనే కుర్రాడు ఫుల్‌బ్యాక్ ఆడటానికి వస్తున్నాడు.

లెక్క నాకు తెలుసు. ప్రతి క్లబ్‌కీ జీతాలకి ఇంతే అని ఒక హద్దు ఉంటుంది, ముప్పై ఏళ్ల వాడి డబ్బు మిగిలితే ఇద్దరు కుర్రాళ్లని తెచ్చుకోవచ్చు. రైల్స్ తప్పు చేశాడని కూడా గట్టిగా అనలేను, 15వ ప్లేస్ టీమ్‌ని అలాగే ఉంచితే మళ్లీ 15వ ప్లేసే వస్తుంది. కానీ కోచ్‌ని మేలో, కెప్టెన్‌ని సీజన్ అయ్యాక, ఇద్దర్నీ మైదానంలో మా ముందు నిలబెట్టి చప్పట్లతో పంపించే అవకాశం మాకు లేకుండా చేశారు. ఓడిపోవడం నేను భరిస్తాను, ఎన్నేళ్లైనా. ఇన్నేళ్లు చెమటోడ్చినవాళ్లని ఒక ప్రకటనతో పంపేస్తే మాత్రం మింగుడు పడదు.

రాత్రి అన్నాల దగ్గర ఇదే మాట వచ్చింది. వచ్చే ఏడాది డ్రాగన్స్ మన స్టేడియంకి వస్తే, గూథో ఎర్రగీత జెర్సీలో బయటికి రాగానే నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను అన్నాను.

"కుదరదమ్మా, వాళ్ల టీమ్ కదా" అన్నాడు మా వాడు, నిజంగా కోపంగా.

"అయితే ఏంట్రా, తొమ్మిదేళ్లు మనకి ఆడాడు."

"మరి మన మీద ట్రై వేస్తే?"

"అప్పుడు కూర్చుంటా."

మావయ్యగారు పెరుగు కలుపుకుంటూ "నేను మీ అమ్మ పక్షమే" అన్నారు. వాడు ఒప్పుకోలేదు, కంచం తీసుకుని వెళ్లి వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాడు.