గ్రీసు మీద ఆ గోలు

1994 జూన్‌లో ఒక రాత్రి, అమలాపురంలోని మా బాబాయి గారింట్లో, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో గ్రీసు మీద గోలు కొట్టిన అర్జెంటీనా ఆటగాడు మారడోనా కెమెరా మీదికి దూసుకొచ్చి కళ్లు పెద్దవి చేసి అరిచినప్పుడు మేమంతా వేసిన కేకకు అరుగు మీద నిద్రపోతున్న తాతయ్య ఉలిక్కిపడి లేచారు. నాలుగు రోజులకే, నైజీరియాతో మ్యాచ్ ముగియగానే, ఒక నర్సు మారడోనా చెయ్యి పట్టుకొని పరీక్షకు తీసుకెళ్లింది. ఎఫెడ్రిన్ అనే నిషేధిత ఉత్తేజక మందు బయటపడింది, ప్రపంచ కప్పు అక్కడితో సరి. అంతకు ముందే, 1991లో, ఇటలీ క్లబ్బు నాపోలీకి ఆడుతూ కొకైన్ పరీక్షలో దొరికి 15 నెలల నిషేధం అనుభవించిన మనిషి ఆయన. ఆ అలవాటు అంతకు ముందు స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్బుకు ఆడిన రోజుల్లోనే మొదలైందని ఆయనే చెప్పుకున్నారు.

నిన్న ఆ వీడియో మళ్లీ చూశాను. అప్పుడు ఆనందమనుకున్న ఆ చూపును ఇప్పుడు ఆనందమని చెప్పలేకపోతున్నాను. బాబాయి మాత్రం అదంతా ఏదో జలుబు మందు చేసిన పనేనని నేటికీ వాదిస్తారు.