బావ లారీలో నావిగేషన్ స్టీరియో: నాలుగు ఆదివారాల పని

మొదటి ఆదివారం

మా బావది ఆరు చక్రాల లారీ. హైదరాబాద్ ఆటోనగర్ నుంచి సరుకెత్తుకుని వారానికి నాలుగు రోజులు తిరుగుతుంది. ఫోను ఒడిలో పెట్టుకుని దారి చూస్తూ నడుపుతున్నాడని అక్క గొడవపెడితే, తొమ్మిది అంగుళాల తెర ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియో ఒకటి కొన్నాం. జీపీఎస్ యాంటెన్నా, వెనక కెమెరా దాంతోనే వచ్చాయి. ఇంట్లో పాత రేడియోలు విప్పి బిగించే అలవాటు నాకుంది కాబట్టి పని నా నెత్తిన పడింది.

పాత టేపురికార్డరు తీయగానే వెనక ఒక వింత కనిపించింది. లారీలో ఉండేది 24 వోల్టుల కరెంటు, అంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. స్టీరియోకు కావలసింది 12. ఎప్పుడో ఒక ఎలక్ట్రీషియను ఆ రెండింటి మధ్య నుంచి ఒక తీగ లాగి పని కానిచ్చేశాడు. పాట వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అయితే ఆ వాడకమంతా కింది బ్యాటరీ, అంటే నెగటివ్ కొన లారీ ఇనుప చట్రానికి కలిపి ఉన్నదాని మీదే పడుతుంది. డైనమో మాత్రం రెండింటినీ ఒకటే అనుకుని ఛార్జి చేస్తుంది. దాంతో కిందిది ఎప్పుడూ అరకడుపుతో ఉంటుంది, పైది అజీర్తితో ఉడుకుతుంది. ఇంజను నడుస్తుండగా కొలిచాను: మొత్తం 27.8 వోల్టులు, అందులో పైదానిపై 14.9, కిందిదానిపై 12.9. "ఒక్క బ్యాటరీకే నెలనెలా నీళ్లు పోయాల్సి వస్తోందన్నా" అని క్లీనరు అన్నాడు. కారణం ఈ తీగే.

దాన్ని కత్తిరించి టేపు చుట్టేశాను. కింది బ్యాటరీని విడిగా 12 వోల్టుల ఛార్జరుకు పెట్టి ఒక రాత్రంతా వదిలేశాం. ఆ రోజుకు అంతే.

రెండో ఆదివారం

కోఠి గుజరాతీ గల్లీలో 24 నుంచి 12కు దించే కన్వర్టరు తెచ్చాను. పైన 20 ఆంపియర్లని అచ్చు వేసి ఉంది. మీటరు పెడితే 12.2 చూపించింది. సంబరంగా బిగించాం. స్టీరియో వెలిగింది. శబ్దం కాస్త పెంచగానే తెర నల్లబడి, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఇలా నాలుగుసార్లు జరిగింది. స్టీరియోలోనే లోపమని వాపసు ఇవ్వడానికి పెట్టెలో సర్దేశాను కూడా.

ఊరికే ఉన్నప్పుడు మీటరు చూపే వోల్టులకు విలువ లేదని తెలిసి కూడా నేను ఆ తప్పే చేశాను. కన్వర్టరు నుంచి స్టీరియో విప్పి, ఒక పాత కారు హెడ్‌లైటు బల్బు తగిలించాను. 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. వోల్టేజి 10.9కి పడిపోయింది. బల్బులో రెండో ఫిలమెంటు కూడా కలిపితే 9.4. అచ్చు వేసిన అంకెలో సగం కూడా లేదు దాని శక్తి. మరో దుకాణంలో, చేతికి బరువు తెలిసేది, అల్యూమినియం రెక్కలున్నది తీసుకున్నాను. అదే పరీక్షలో అది 12.1 దగ్గర కదలకుండా నిలబడింది. దుకాణానికి వెళ్లేటప్పుడు బల్బు వెంట తీసుకువెళ్తే తిరిగివచ్చే శ్రమ తప్పుతుంది. వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఫ్యూజు సంగతి. 12 వైపు 10 ఆంపియర్లు అయితే 24 వైపు పోయేది ఐదున్నర, ఆరు. అందుకని 7.5 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాను. క్యాబిన్‌లో పెడితే మధ్యలోని తీగకు కాపలా ఉండదు.

ఇక స్టీరియో నుంచి వచ్చే పసుపు తీగ, ఎర్ర తీగ. పసుపుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, లేకపోతే తాళం తీసినప్పుడల్లా సెట్టింగులు పోతాయి. ఎర్రదానికి తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. తాళం దగ్గర దొరికేది 24 వోల్టులు, దాన్ని నేరుగా ఎర్ర తీగకు ఇస్తే స్టీరియో దహనమే. అందుకని ఒక రిలే (తీగచుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు పారితే దానంతట అదే కలిసే స్విచ్చు) పెట్టాను: తాళం నుంచి వచ్చే 24 దాని కాయిల్‌కు (85, 86 కాళ్లు), కన్వర్టరు నుంచి వచ్చే 12 దాని స్విచ్చు గుండా (30, 87) ఎర్ర తీగకు. పది నిమిషాల్లో రిలే ముట్టుకోలేనంత వేడెక్కింది. చూస్తే కాయిల్ 12 వోల్టులది! వోల్టేజి రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. తొందరలో నేనే చూసుకోకుండా కొన్నాను, దుకాణదారుడి తప్పేమీ లేదు. మరునాడు రాణిగంజ్‌లో 24ది దొరికింది. కాయిల్‌కు అడ్డంగా, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒకటి కూడా వేశాను, గీత ఉన్న కొన పాజిటివ్ వైపు.

మూడో ఆదివారం

ఇది నన్ను ఏడిపించిన రోజు. ముందు రెండు సంగతులు చెప్పాలి: ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో సన్నని ఈల పెరిగేది. రివర్స్ గేరు వేస్తే కెమెరా బొమ్మలో అడ్డగీతలు పైకి పాకేవి. వీటిని రెండు వేర్వేరు రోగాలుగా భావించి రెండు మందులు వాడాను. ఈలకు, తీగల్లో గోలను అణిచే ఫెర్రైట్ ఉంగరాలు, గీతలకు కొత్త కెమెరా కేబులు. రెండూ దండగ.

సాయంత్రం టీ తాగి వచ్చి, పిచ్చికోపంతో స్టీరియో వెనక ఉన్న తీగలను ఒక్కొక్కటే పీకుతూ పోయాను. కెమెరా వీడియో పిన్ను పీకగానే ఈల ఆగింది. కెమెరాకు కరెంటే లేని సమయంలో ఈల ఎందుకు ఆగాలి? అప్పుడు వెలిగింది. పొడుగాటి కేబులులో కెమెరా నల్ల (నెగటివ్) తీగ వాడడం బద్ధకించి, వెనక దీపం పక్కనే ఛాసిస్‌కు, అంటే ఇనుప చట్రానికి, మర బిగించి ఎర్తు ఇచ్చాను. వీడియో తీగ చుట్టూ ఉండే జాలీ కూడా ఎర్తే, అది ముందు స్టీరియో దగ్గర కలుస్తుంది. ముందు ఎర్తుకూ వెనక ఎర్తుకూ మధ్య ఇనుములో డైనమో కరెంటు పారుతుంటే వచ్చే చిన్న తేడా ఆ జాలీ గుండా స్టీరియోలోకి దూరింది. వెనక మర విప్పి, కెమెరా నల్ల తీగను కేబులు గుండా ముందుకు తెచ్చి, కన్వర్టరు ఎర్తు ఉన్న బోల్టుకే కలిపాను. ఈల పోయింది, గీతలూ పోయాయి. రివర్స్ దీపానిదీ 24 వోల్టులే కాబట్టి, కెమెరాకు కూడా క్యాబిన్‌లోనే మరో 24 రిలే ద్వారా 12 ఇచ్చాను.

నాలుగో ఆదివారం

జీపీఎస్. బాణం గుర్తు లారీని వనస్థలిపురం మేడల మీద తిప్పుతోంది. ఉపగ్రహాలు పన్నెండు కనిపిస్తున్నాయి, లెక్కలోకి వస్తున్నవి సున్నా. సిగ్నలు అంకెలు 20 దగ్గర తచ్చాడుతున్నాయి, బాగున్నప్పుడు 35 దాటాలి. యాంటెన్నాను డాష్‌బోర్డు లోపల, అదీ తలకిందులుగా అతికించి ఉన్నాను. అద్దం కిందకు తెచ్చి ముఖం ఆకాశానికి తిప్పితే 27 దాకా వచ్చింది, అంతకుమించి లేదు. అసలైన చోట ఆంజనేయస్వామి ఇత్తడి విగ్రహం ఉంది. "దేవుణ్ణి కదపకు, నీ డబ్బా ఇంకెక్కడైనా పెట్టుకో" అని బావ ఖరాఖండిగా చెప్పాడు.

దోషి స్వామి కాదు. పక్కనే సిగరెట్ సాకెట్లో గుచ్చిన చౌక ఫోను ఛార్జరు. అది తీయగానే అంకెలు 38కి ఎగిరాయి. జీపీఎస్ సిగ్నలు వచ్చే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర అలాంటి ఛార్జర్లు గోల చేస్తే, అంత దూరం నుంచి వచ్చే గుసగుస వినపడదు. ఛార్జరు మార్చి, యాంటెన్నాను విగ్రహానికి మూరెడు ఎడంగా పెట్టాం. చాలా రోజులు ఆపిన జీపీఎస్ అన్ని ఉపగ్రహాల పట్టికనూ అందుకోవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. తెరిచిన చోట నిలబెట్టి ఓపిక పట్టాలి, కదులుతూ తిట్టకూడదు.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లాం, బాణం రోడ్డు వదల్లేదు. తిరుగు దారిలో ఆరాంఘర్ దగ్గర పైవంతెన కింద వెళ్తుంటే అది మమ్మల్ని పైన ఉన్నట్టే చూపింది. అలాంటి చోట బావ కళ్లే దిక్కు. కారు దారి చూపే మ్యాపు లారీ ఎత్తు ఎరగదు కాబట్టి, రైలు వంతెనల కింద కూడా అంతే.

మిగిలినవి: డాష్‌బోర్డు దీపాలతో తెర వెలుగు తగ్గించే నారింజ తీగ ఇంకా టేపు చుట్టి వదిలేశాను, దానికీ 24 నుంచి దించాలి. నిన్న బ్యాటరీలు మళ్లీ కొలిచాను, ఇంజను నడుస్తుండగా 14.0, 13.8. ఈ నెల రెండింటికీ సమానంగానే నీళ్లు పట్టాయని క్లీనరు ఫోను చేసి చెప్పాడు.