జ్యూరీ లేని కోర్టులో జ్యూరీ పాఠాలు

మా గుంటూరు బార్‌లో కొత్తగా చేరిన జూనియర్ లాయర్లు అమెరికా ట్రయల్ వీడియోలు తెగ చూస్తున్నారు. చూడండి, తప్పేం లేదు, కాకపోతే అక్కడ లాయరు ఎవరికి చెప్పుకుంటున్నాడో ముందు గమనించండి. పెద్ద క్రిమినల్ కేసయితే మామూలుగా 12 మంది జ్యూరర్లు, అంటే నేరం చేశాడో లేదో తేల్చే మామూలు జనం, చాలావరకు లా పుస్తకం ముఖం చూడనివాళ్లు. వాళ్లను ఎంచుకునేటప్పుడే ప్రశ్నలు అడిగి, కొందరిని కారణం చెప్పకుండానే తప్పించే హక్కు చాలాచోట్ల రెండు పక్షాలకూ ఉంటుంది. అంటే వాదన మొదలుకాకముందే సగం పని నడుస్తుంది.

మనకీ ఒకప్పుడు జ్యూరీలు ఉండేవి. 1959 నాటి నానావతి కేసులో (భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి) బొంబాయి జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అంది, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని చాలామంది అంటారు గానీ, లా కమిషన్ 1958లోనే రద్దు చేయమని చెప్పింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక జ్యూరీ ఊసే లేదు.

సరే, మరి అమెరికా లాయర్ల దగ్గర మనం నేర్చుకునేది ఏముంది? క్రాస్, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నలడగడం. నా లెక్కన అదొక్కటే, కానీ అది చాలా పెద్దది. మంచి జ్యూరీ లాయరు ఒక ప్రశ్నలో ఒక్క సంగతే పెడతాడు, సాక్షి అవుననో కాదనో అనడం తప్ప వేరే దారి ఉండదు, చివరి మాట మాత్రం తను అనడు, జ్యూరీకి వదిలేస్తాడు. ఎవరికి వాళ్లు తేల్చుకున్నదాన్ని మనిషి అంత తేలిగ్గా వదులుకోడు కదా.

ఉదాహరణకి చుట్టుగుంట దగ్గర రాత్రి జరిగిన కొట్లాట అనుకోండి. రాత్రి పదకొండు దాటింది, అవునా? ఆ పూట కరెంటు లేదు, అవునా? మీరు రోడ్డుకు అవతలి పక్క ఉన్నారు, మధ్యలో లారీలు ఆగి ఉన్నాయి, అవునా? అక్కడ కూర్చోవాలి. మనవాళ్లు కూర్చోరు. "మరి ముద్దాయిని ఎలా గుర్తుపట్టావయ్యా?" అని గొంతు పెంచుతారు, సాక్షి హాయిగా "చిన్నప్పటి నుంచీ మా పక్కిల్లేనండీ, గొంతు విన్నాను" అంటాడు, అయిపోయింది.

ఇక మన కోర్టులో పనికిరానివి: గొంతు, నాటకీయంగా ఆగడం, చూపు. అమెరికా ఫుట్‌బాల్ స్టార్ ఓ.జె. సింప్సన్ మీద నడిచిన హత్య కేసులో 1995 జూన్‌లో ప్రాసిక్యూషనే అతనితో హంతకుడిదని చెప్పిన గ్లవ్ తొడిగించి చూపించబోయింది, అది చేతికి ఎక్కలేదు, జ్యూరీ కళ్లారా చూసింది. చివరి వాదనలో డిఫెన్స్ లాయరు కాక్రన్ దాన్నే ప్రాసతో ఒక్క వాక్యం చేసి చెప్పాడు. అదే మన దగ్గర జరిగితే డిపోజిషన్‌లో, అంటే సాక్షి చెప్పింది రాసుకునే కాగితంలో, ఒక లైను. సాక్ష్యాన్ని మామూలుగా కథనంలా రాయాలని చట్టమే చెప్తుంది, పైగా సాక్షి తెలుగులో తడబడుతూ చెప్పింది చాలాసార్లు ఇంగ్లిష్‌లో నున్నగా తేలుతుంది. సివిల్ దావాల్లో అయితే 2002 నుంచి చీఫ్ (సొంత లాయరు తన సాక్షితో చెప్పించే సాక్ష్యం) కూడా అఫిడవిట్టే, ఇక కథ చెప్పే అవకాశం ఎక్కడిది!

ఈలోగా జడ్జిగారికి బదిలీ అవుతుంది. తీర్పు రాసే కొత్త జడ్జి ఆ సాక్షి ముఖం చూసి ఉండరు, ఆయన చేతిలో ఉండేది కేసు కాగితాల కట్ట మాత్రమే. కాబట్టి కీలకమైన జవాబు దగ్గర ఆగి, ప్రశ్నా జవాబూ ఉన్నదున్నట్టు రాయించమని జడ్జిగారిని అడగండి. ఆ వీలు చట్టంలోనే ఉంది. కొందరు విసుక్కుంటారు, అయినా అడగండి. సాక్షి సంతకం పెట్టేలోపు కాగితం మీద ఏం పడిందో మీరే చదవండి, గుమస్తాకి వదలకండి.